బండరాంపూర్ లైట్‌హౌస్‌కు ఆధారం కావాలి

ఓదెలు సార్ అన్నది "సర్వపీడియా". ప్రిన్సిపాల్ గారికి వినపడింది "సర్వపిండి". తప్పెవరిదయ్యా అంటే ఫ్యానుది. బండరాంపూర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల స్టాఫ్ రూములో ఆ ఫ్యాను గాలి ఇవ్వడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అభిప్రాయాలు మాత్రమే ఇస్తుంది. ఎవరు నోరు తెరిచినా మధ్యలో దూరి "కటకట" అంటుంది.

"అరవై ఒక్కమంది ఒకే అసైన్‌మెంటు రాశారా?" అన్నారు ప్రిన్సిపాల్ డాక్టర్ విద్యాధరరావు గారు.

"అక్షరం పొల్లు పోకుంట రాసిన్రు సార్. అందరికందరూ సర్వకటకట నుంచే."

"సర్వపిండి నుంచా?"

ఓదెలు సార్ చరిత్ర, భూగోళం రెండూ చెబుతారు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో పైవారి మాటకు 'కాదు' అన్న పాపాన పోలేదు. రాజుగారిని సరిదిద్దినవాళ్ళ గతి ఏమైందో చరిత్ర చదివినవాడికి వేరే చెప్పాలా? పైగా ఫ్యాను ఆయనకూ అడ్డమే. "అవును సార్" అన్నారు.

"అందులో అంత గొప్ప ఏముంది?"

"అన్నీ ఉంటయి సార్. గానీ నమ్మరాదు. ఎవరు పడితే వాళ్ళు వేలు పెడతరు."

ప్రిన్సిపాల్ గారు ముఖం చిట్లించారు. "చేతులు కడుక్కోరా?"

"పేరే చెప్పరు సార్, చేతుల సంగతెక్కడిది? ఒకడు వేసింది ఇంకోడు తీసేస్తడు. వాడు తీసింది మూడోవాడు తెచ్చి మల్ల పెడతడు."

"ఛీ ఛీ! దాన్నా మన పిల్లలు..."

"పొద్దున లేస్తే అదే సార్. చూసుడు, దించుడు."

"మింగుడు అనండి!"

"మింగినా బాగుండు సార్. అరిగించుకుంటలేరు" అన్నారు ఓదెలు సార్, నిజంగానే బాధపడుతూ.

బీఏ ఆఖరి సంవత్సరం చదివే నవనీత చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని సరిగ్గా ఆ క్షణాన గుమ్మం దగ్గరికొచ్చింది. ముందు జరిగిందేదీ ఆమె వినలేదు. విన్నదల్లా ప్రిన్సిపాల్ గారు బల్ల గుద్ది చెప్పిన తీర్పు.

"నేటి నుంచి ఈ కళాశాలలో సర్వపిండి బంద్!"

గ్లాసులు గలగలమన్నాయి. మరి అనవా? కాలేజీ వెనక రేకుల షెడ్డులో క్యాంటీన్ నడిపేది నవనీత వాళ్ళమ్మ కొమురమ్మ. ఆ క్యాంటీన్‌కు ప్రాణం సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలి గోడలకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి కాలుస్తుంది. బండరాంపూర్‌లో డిగ్రీ పాసైనవాళ్ళు పాఠాలు మరిచిపోయారు గానీ కొమురమ్మ సర్వపిండిని మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది.

"విషయము: సర్వపిండి నుండి విజ్ఞానము గ్రహించుట – నిషేధము – గురించి. విద్యార్థులు స్వయంకృషిని విస్మరించి సర్వపిండిపై ఆధారపడుచున్నట్లు కార్యాలయము దృష్టికి వచ్చినది. దానియందు ఎవరు పడిన వారు వేలు పెట్టుచున్నందున అది విశ్వసనీయము కాదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

తెల్లారి పొద్దున్నే ఓదెలు సార్ ఒక చీటీ రాసి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టారు. నేనన్నది పిండి కాదు, పీడియా. ఇంటర్నెట్‌లో లోకమంతా కలిసి రాసుకునే ఉమ్మడి విజ్ఞానసర్వస్వం అని. ప్రిన్సిపాల్ గారు చీటీ రెండుసార్లు చదివి, గుమాస్తాను పిలిచి ఒకే ప్రశ్న అడిగారు.

"నిన్నటి సర్క్యులర్‌కు నంబరు పడిందా?"

"పడింది సార్."

"నంబరు పడ్డాక అది తప్పు కాదు. నంబరు పడనంతవరకే మానవుడు పొరపాటు చేయగలడు." తర్వాత ఓదెలు సార్ వైపు తిరిగి, "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండుగాక" అన్నారు.

ఉండింది. మధ్యాహ్నం రెండో కాగితం వచ్చింది: "పై సర్క్యులర్‌లో 'సర్వపిండి' అను పదము తరువాత 'మరియు సర్వపీడియా' అని చేర్చి చదువుకొనవలెను."

సర్వపీడియా ఎందుకు బందయిందో పిల్లలకు అర్థమైంది. దించారు, దొరికారు. సర్వపిండి ఎందుకు బందయిందో మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. నూనె చేత్తో ఫోను పట్టుకుంటే తెర పాడవుతుందని ఒకడన్నాడు. కాదు, పిండి చిల్లుల్లో చీటీలు దాస్తున్నారని ఇంకొకడన్నాడు. కొమురమ్మ మాత్రం సర్క్యులర్ ముందు నిలబడి బిడ్డతో చదివించుకుని, "బియ్యప్పిండి ఏం జేసిందే వీళ్ళకు? నేను వేలు పెట్టకపోతే అది కాలనే కాలదు గదా?" అంది. ఆ రోజు నుంచి పొయ్యి మీద చాయ్ ఒక్కటే మిగిలింది. పెద్ద గిన్నె బోర్లా పడుకుంది.

అసలు సర్వపీడియాను కాలేజీలోకి తెచ్చిందెవరు? కాలేజీయే. పోయిన నవంబరులో పైనుంచి ఆదేశం దిగింది, "డిజిటల్ విజ్ఞాన వారోత్సవం" అని. ప్రిన్సిపాల్ గారు చదవకుండానే సంతకం పెట్టారు. ప్రతి విద్యార్థీ వారం రోజుల్లో సర్వపీడియాలో ఒక వ్యాసం రాయాలి. రాయకపోతే హాజరు లేదు. "ఒంటికో లాగిన్, ఇంటికో వ్యాసం" అని బ్యానర్ కట్టారు. ఏడు రోజుల్లో నాలుగు వందల పన్నెండు వ్యాసాలు పుట్టాయి. వాటిలో ముప్పై ఎనిమిది 'మేక' గురించి.

నవనీత మేక జోలికి పోలేదు. తన ఊరి గురించి రాసింది. ఎట్లా రాయాలో తెలియక, అక్కడ అందరూ చేసే పనే చేసింది. అప్పటికే చక్కగా ఉన్న ఇంకో ఊరి వ్యాసం మొత్తం ఎత్తుకొచ్చి, ఊరి పేరు మార్చి, ఒక్కో వాక్యం దిద్దుకుంటూ పోయింది. ఆ దొరికిన ఊరు కడలిపాలెం, సముద్రపు ఒడ్డు. చేపలను చెరిపి మక్కజొన్న పెట్టింది. ఓడలను చెరిపి ట్రాక్టర్లు పెట్టింది. ఉప్పుగాలిని చెరిపి వడగాలి పెట్టింది. ఇంతలో గంట మోగింది, కంప్యూటర్ గదికి తాళం పడింది. తనిఖీ సంఘం వచ్చేదాకా యంత్రాలు శుభ్రంగా ఉండాలని ఆ తాళం ఇప్పటికీ తియ్యలేదు.

వారం రోజుల తర్వాత ఫోనులో చూసుకుంటే పొరపాటు బయటపడింది. ఒక్క వాక్యం దిద్దకుండా మిగిలిపోయింది: "ఊరికి తూర్పున ఎత్తైన లైట్‌హౌస్ ఉంది. దీన్ని 1912లో కట్టారు." దాని పక్కనే సర్వపీడియా నిర్వాహకుడొకాయన చిన్న అక్షరాలతో గుచ్చిన ముల్లు: "ఆధారం కావాలి". ఎవరైనా రుజువు చూపకుండా రాస్తే అక్కడివాళ్ళు తగిలించే తోక అది. నవనీత లాగిన్ అయ్యేది కాలేజీ కంప్యూటర్‌లో దాచిన పాస్‌వర్డుతో. అది తాళం వెనక. సరేలే, బండరాంపూర్‌లో లైట్‌హౌస్ అంటే ఎవరు నమ్ముతారు అనుకుంది. సముద్రం చూడాలంటే ఇక్కడివాళ్ళు రాత్రి బస్సెక్కి పొద్దున దిగాలి. ఊరికి నల్లా నీళ్ళే మూడు రోజులకోసారి వస్తాయి.

నమ్మినవారు ఉన్నారు. వారి పేరు డాక్టర్ విద్యాధరరావు.

జనవరిలో ప్రిన్సిపాల్ గారు "బండరాంపూర్ వైభవ దర్పణం" అనే గ్రంథం వెలువరించారు. గట్టి అట్ట, మీద బంగారు అక్షరాలు, లోపల రచయిత ఫోటోలు తొమ్మిది. పదకొండు రోజుల్లో రాశారని ముందుమాటలో ఉంది. విద్యార్థి దించితే కాపీ అంటారు. ప్రిన్సిపాల్ దించితే సేకరణ అంటారు. వారు సర్వపీడియా పేరు వినకపోయినా, వారి గుమాస్తా విన్నాడు. "ఊరి సమాచారం సేకరించుకు రా" అంటే ముద్రించుకొచ్చి ఇచ్చాడు. ముప్పై ఏడో పేజీలో లైట్‌హౌస్ నిటారుగా నిలబడింది. తోకతో సహా.

ఇక సర్వపీడియా బంద్ కాగానే ఆ ఖాళీలోకి గ్రంథం దిగింది. "ఇకపై అచ్చైన ప్రామాణిక గ్రంథములనుండి మాత్రమే సమాధానములు వ్రాయవలెను" అని మూడో కాగితం. స్థానిక చరిత్రకు ప్రామాణిక గ్రంథం భూమి మీద ఒక్కటే ఉంది. ఇంటర్నల్ పరీక్షలో పది మార్కుల ప్రశ్న వచ్చింది: "మన పట్టణ లైట్‌హౌస్ ప్రాముఖ్యతను వివరింపుము."

అరవైమంది వివరించారు. "లైట్‌హౌస్ ఎత్తైనది. దానికి ఆధారం కావాలి. లేనిచో పడిపోవును" అని రాసినవాళ్ళకు పదికి తొమ్మిది. నవనీత ఒక్కతే "మన ఊళ్ళో లైట్‌హౌస్ లేదు" అని నాలుగే మాటలు రాసింది. సున్న పడింది. సున్నతో ఇంటర్నల్ తప్పింది. ఇంటర్నల్ తప్పితే హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే డిగ్రీ ఒక ఏడాది వెనక్కి. బీఈడీ సీటు మీద పెట్టుకున్న ఆశ గిన్నెతో పాటు బోర్లా.

ధైర్యం చేసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, ఆ లైట్‌హౌస్ ముక్క రాసింది నేనే. పొరపాటున మిగిలింది."

"నా గ్రంథంలోని వాక్యం నువ్వెట్లా రాస్తావమ్మా?"

"మీ గ్రంథం కంటే ముందు, సర్వపీడియాల రాసిన సార్."

"నిషేధిత వస్తువు పేరు నా ఎదుట ఎత్తకు. చూడు, లైట్‌హౌస్ ఉందని నా గ్రంథం చెబుతోంది. లేదని ఏ గ్రంథం చెబుతోంది?"

"లేనిదాన్ని ఎవలు రాస్తరు సార్?"

"రాయనప్పుడు ఎవరు నమ్ముతారు?"

"బయటికి పోయి తూర్పు దిక్కు చూస్తే అయిపోతది గద సార్!"

ప్రిన్సిపాల్ గారు జాలిగా నవ్వారు. "చూడటం ప్రామాణికం కాదమ్మా. చూసిందల్లా నిజమైతే పుస్తకాలెందుకు? వచ్చే నెల తనిఖీ సంఘం వస్తుంది. ఆ లోపల 'లైట్‌హౌస్ కలదు' అని లిఖితపూర్వకంగా ఒప్పుకో. సున్న పక్కన ఒకటి వేస్తాను. ముందు వేస్తాను, వెనక కాదు, పది అవుతుంది."

సరే, ఈ రచ్చకంతా మూలం సర్వపీడియానే కదా, అక్కడ తీసేస్తే పోతుందనుకుంది నవనీత. ఫోనులో తంటాలు పడి కొత్త పాస్‌వర్డు తెచ్చుకుని ఆ వాక్యం చెరిపింది. రెండు నిమిషాల్లో వాక్యం వెనక్కి వచ్చింది. నిర్వాహకుడాయన పేరు 'మూలపురుషుడు'. ఎవరో ఏమిటో తెలియదు గానీ, మూలం లేనిదేదైనా మూలకు పడేస్తాడని ప్రసిద్ధి. చర్చా పేజీలో ఆయన ఎంతో మర్యాదగా రాశాడు: "మిత్రమా, లైట్‌హౌస్‌కు ఇప్పుడు అచ్చు పుస్తకం ఆధారం దొరికింది, 'వైభవ దర్పణం', ముప్పై ఏడో పేజీ. కనుక పాత తోక తీసేశాను. దయచేసి సమాచారం చెరపకండి."

"అన్నా, ఆ పుస్తకం నా తప్పును చూసే రాసిన్రు" అని నవనీత రాసింది.

"దానికి ఆధారం?"

"నేను ఈ ఊరిదాన్నే. నా కండ్లతోని చూస్తున్న, లైట్‌హౌస్ లేదు."

"సొంత కళ్ళు స్వీయ పరిశోధన కిందికి వస్తాయి. చెల్లవు."

నవనీత ఫోను బల్ల మీద పెట్టింది. ఆమె తప్పుకు ప్రిన్సిపాల్ ఆధారం, ప్రిన్సిపాల్‌కు ఆమె తప్పు ఆధారం. ఇద్దరు తాగుబోతులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నిలబడ్డట్టు రెండూ పడకుండా నిలబడ్డాయి. మధ్యలో పడిపోయింది తనొక్కతే.

ఇక లైట్‌హౌస్ ఊరికే ఉంటుందా? తనిఖీ సంఘం పుస్తకం చదివి "చూపించండి" అంటే చూపించాలి కదా. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఓదెలు సార్‌ను అడిగారు.

"లైట్‌హౌస్ ఉన్నచోట సముద్రం ఉండవలెను కదా. భూగోళ శాఖ ఏమంటుంది?"

భూగోళ శాఖ నుదురు తుడుచుకుంది. "వెనకకు పోయినట్టున్నది సార్."

"ఎంత దూరం?"

"ఇప్పుడెంత దూరమున్నదో అంత దూరం సార్."

అద్భుతం అన్నారు ప్రిన్సిపాల్ గారు. వారంలో జాతీయ సదస్సు జరిగింది: "సముద్రము ఎందుకు అలిగినది? – ఒక పరిశీలన". తీర్మానం, సముద్రం తిరిగి వచ్చేందుకు అనువైన వాతావరణం కల్పించాలని. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు తూర్పు వైపు తీరప్రాంత శుభ్రత కార్యక్రమం చేసి, తీరం లేనందున బస్టాండు ఊడ్చారు. తర్వాత ఊరి తూర్పున ఉన్న పాత నీళ్ళ ట్యాంకుకు ఎరుపు, తెలుపు పట్టీలు వేయించి నెత్తిన ఎర్ర బల్బు పెట్టించారు. గ్రంథంలో "ఆధారం కావాలి" అని స్పష్టంగా ఉన్నందున అడుగున నాలుగు సిమెంటు దిమ్మెలు ఆనించారు. వాచ్‌మన్ యెల్లయ్యను 'దీపస్తంభ పర్యవేక్షకుడు' అన్నారు. పొద్దుగూకగానే స్విచ్చి వేయడం ఆయన విధి. ఓడలేమైనా కనపడితే రిజిస్టరులో రాయాలి. యెల్లయ్య నిజాయితీపరుడు, రోజూ "ఓడలు – లేవు. ఆటోలు – పద్నాలుగు" అని రాశాడు.

బస్సు కండక్టర్లు నాలుగు రోజుల్లోనే "లైట్‌హౌస్! లైట్‌హౌస్ దిగేటోళ్ళు!" అని అరవడం మొదలుపెట్టారు. ట్యాంకు కింద దిగే జనం నీళ్ళ బిందెలతో దిగారు.

తనిఖీకి ముందు రోజు సాయంత్రం నవనీత క్యాంటీన్ బల్ల మీద కాగితం పరిచి కూర్చుంది. "లైట్‌హౌస్ కలదని ఒప్పుకొనుచున్నాను" అని రాసింది. సంతకం దగ్గర పెన్ను ఆగింది.

"చెయ్యి బిడ్డా" అంది కొమురమ్మ గ్లాసులు కడుగుతూ. "లైట్‌హౌస్ ఉంటే మనకేం పోతది? సముద్రం గూడ ఉన్నదని రాయి. గట్లనన్న నల్లా వస్తదేమో."

"అమ్మా, అది నా తప్పే. తప్పు నాదని నేనే చెప్తున్నా ఇంటలేరు."

"నా తప్పేందో చెప్పుమంటే నాకూ చెప్తలేరు. నీదేమో చెప్పినా ఇంటలేరు. మనిద్దరికీ బాగనే కుదిరింది." కొమురమ్మ చేతులు తుడుచుకుని బోర్లా ఉన్న గిన్నె వైపు చూసింది. "పిండిని వేలితోని పొడుస్తం ఎందుకో ఎరుకేనా? చిల్లు లేకపోతే నూనె లోపలికి దిగదు. పైన కాలినట్టే కొడ్తది, లోపల పచ్చిగనే ఉంటది. నీ ఇష్టం బిడ్డా. నేను మాత్రం పచ్చిది ఎవలికీ పెట్టలె."

నవనీత సంతకం పెట్టలేదు, కాగితం చింపలేదు. మడిచి చేతిలో ఉంచుకుంది.

తనిఖీ సంఘానికి అధ్యక్షురాలు ప్రొఫెసర్ జహనారా. హైదరాబాదు నుంచి వచ్చారు. చేతిలో పెన్సిలు, ముక్కు మీద కళ్ళజోడు, ముఖం మీద ఏమీ లేదు. ట్యాంకును చూపించారు. ఆమె మెడ ఎత్తి పైదాకా చూసి, పట్టీల మధ్య పూర్తిగా చెరగని "తాగునీరు" అనే అక్షరాలను చదివి, పెన్సిలుతో నోటు చేసుకున్నారు. యెల్లయ్య రిజిస్టరు తిరగేసి "ఆటోలు బాగా వస్తున్నాయే" అన్నారు. అందరూ హాల్లోకి వచ్చారు. మూడు వందల మంది పిల్లలు, వేదిక మీద పూలకుండీలు, పక్కన చాయ్ బల్ల దగ్గర కొమురమ్మ. ప్రొఫెసర్ గారు వైభవ దర్పణం తెరిచారు.

"ముప్పై ఏడో పేజీ. 'దీన్ని 1912లో కట్టారు. ఆధారం కావాలి.' ఇదేమిటండీ?"

"శిథిలావస్థ, మేడమ్!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "గుర్తించి తక్షణమే దిమ్మెలు కట్టించితిమి."

"ఓహో. నలభై రెండో పేజీలో జనాభా లెక్క పక్కన కూడా 'ఆధారం కావాలి' అని ఉంది. జనాభాకు కూడా దిమ్మెలు కట్టించారా?"

హాలు కిసుక్కుమంది. ప్రిన్సిపాల్ గారు నీళ్ళు తాగారు. ప్రొఫెసర్ గారు పిల్లల వైపు తిరిగారు. "ఈ లైట్‌హౌస్ గురించి మీలో ఎవరైనా చెబుతారా?"

ప్రిన్సిపాల్ గారి చూపు నవనీత మీద పడింది. ఆ చూపులో హాల్ టికెట్ ఉంది. నవనీత చేతిలో కాగితం ఉంది. లేచి నిలబడింది. అమ్మ వైపు చూసింది. కొమురమ్మ చూపుడువేలు గాలిలో ఒక చిల్లు పొడిచింది.

"మేడమ్, మా ఊళ్ళె లైట్‌హౌస్ లేదు" అంది నవనీత. "ఆ ముక్క సర్వపీడియాల రాసింది నేను."

"రుజువుందా?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు నవనీత ముందుకు వచ్చింది. "ఉన్నది మేడమ్. సర్వపీడియాల ఎవలు ఏ అక్షరం ఎప్పుడు రాసిన్రో, చెరిపిన్రో, అన్నీ తారీఖుతోని, టైముతోని దాచి ఉంటయి. చరిత్ర అని పైన నొక్కితే వస్తది. నిన్నటిదాంక నాకూ తెల్వదు. రాత్రి అందులనే వెతికి దొరకబట్టిన."

ప్రొఫెసర్ గారి ఫోనులో నొక్కి చూపించింది. నవంబరు పద్నాలుగు, సాయంత్రం నాలుగుంబావు: నవనీత, లైట్‌హౌస్‌తో సహా. నవంబరు ఇరవై: మూలపురుషుడు, "ఆధారం కావాలి". ప్రొఫెసర్ గారు దర్పణం వెనక అట్ట తిప్పి చూశారు. ప్రథమ ముద్రణ: జనవరి.

"కడలిపాలెం పేజీని ఎత్తుకొచ్చి మా ఊరిది జేసిన మేడమ్. సముద్రమంత చెరిపిన. లైట్‌హౌస్ ఒక్కటి చేతిల మిగిలిపోయింది. దాన్ని చూసి సార్ పుస్తకం రాసిన్రు. సార్ పుస్తకాన్ని చూసి సర్వపీడియా వాళ్ళు నిజమే అన్నరు. ఆ నిజాన్ని చూసి ట్యాంకుకు రంగేసిన్రు. నేను ఒక్క లైను దిద్దడం మర్చిపోయిన, అంతే. మిగిలిందంతా ఎవలికి వాళ్ళే కట్టిన్రు."

హాల్లో వెనక బెంచీల్లో ఎవరో "సముద్రం అలగలేదట్రోయ్!" అన్నారు. నవ్వు ఒక మూల మొదలై పైకప్పు రేకుల దాకా పోయింది. యెల్లయ్య కూడా నవ్వి, అలవాటుగా రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు. ప్రొఫెసర్ గారి ముఖం మీద మొదటిసారి ఏదో కనిపించింది.

"మూడు వందల మందిలో ఆధారం వెతికింది ఒక్కరన్నమాట. ఆమెకు ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులు?"

ప్రిన్సిపాల్ గారు పూలకుండీని పరిశీలిస్తున్నారు. నవనీతే చెప్పింది. "సున్న మేడమ్."

"సరే. ముందు ఏమైనా తినిపించండి. ఈ వైపు వస్తే సర్వపిండి తినాలని హైదరాబాదులో ఆశ పెట్టారు నాకు. దొరుకుతుందా?"

"నిషేధము, మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు, అలవాటుగా.

"పిండినా? ఎందుకు?"

హాలంతా చెవులు రిక్కించింది. నెలరోజులుగా అందరికీ కావలసిన ప్రశ్న అది. కొమురమ్మ చేతిలో చాయ్ జగ్గు గాల్లో ఆగింది. అప్పుడు, ఆడపిల్ల లేచి నిలబడ్డ చోట తాను కూర్చుని ఉండటం చేతగాక, పందొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటిసారి ఓదెలు సార్ లేచారు.

"ఫ్యాను వల్ల మేడమ్" అన్నారు.

"ఏమిటి?"

"నేను సర్వపీడియా అన్న. సార్‌కు సర్వపిండి అని ఇనపడ్డది. ఎవరు పడితే వాళ్ళు వేలు పెడతరని నేనన్నది పీడియా గురించి. సార్ చేతులు కడుక్కోరా అని అడిగిన్రు. నేను తెల్లారి చీటీ రాసిచ్చిన. గానీ అప్పటికే నంబరు పడ్డది." కొమురమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "అక్కా, నీ పిండిల ఏ దోషం లేదు. నేను ఆ రోజే గట్టిగ చెప్తే అయిపోతుండె. మాఫ్ జెయ్యి."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నెల రోజులు నేను బియ్యం మార్చుకుంట, పల్లీలు మార్చుకుంట సచ్చిన గద సారూ! మార్చాల్సింది మీ ఫ్యానునా?"

ప్రిన్సిపాల్ గారు లేచారు. అందరూ క్షమాపణ వస్తుందనుకున్నారు. మైకు సవరించుకుని గంభీరంగా ఇలా సెలవిచ్చారు: "దీనివలన తేలినదేమనగా, ఒక ప్రామాణిక గ్రంథమునకు మూలము మా కళాశాల విద్యార్థినియే. ఇంతటి ఘనత మరి ఏ కళాశాలకు కలదు? మూల రచయిత్రికి పదికి పది!"

ఒకటి ముందే పడింది, వెనక కాదు. హాల్ టికెట్ మీద సంతకం అక్కడికక్కడే అయిపోయింది. నవనీత చేతిలో మడతపెట్టిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చాయ్ పొయ్యిలో వేసింది. వారం తర్వాత తనిఖీ సంఘం నివేదిక అచ్చై వచ్చింది. పదకొండో పేజీలో స్పష్టంగా ఉంది: "బండరాంపూర్‌లో లైట్‌హౌస్ లేదు." నవనీత ఆ పేజీ చూపించి సర్వపీడియాలో తన వాక్యాన్ని తానే చెరిపింది. మూలపురుషుడు వెంటనే జవాబిచ్చాడు: "ధన్యవాదాలు మిత్రమా. లేదనడానికి ఇప్పుడు ఆధారం ఉంది."

ఆ ఒక్క వాక్యం చోట ఆమె ఇంకో వాక్యం రాసింది, సొంతంగా, ఎక్కడినుంచీ ఎత్తుకురాకుండా: "ఊరికి తూర్పున లైట్‌హౌస్ అనే బస్‌స్టాపు ఉంది. సముద్రం లేదు." ఆధారం కింద ఆర్టీసీ టికెట్టు నంబరు పెట్టింది.

ఇక మిగిలింది పిండి. సర్క్యులర్ రద్దు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. నంబరు పడ్డది తప్పు కాజాలదు. ప్రిన్సిపాల్ గారు ఒక రోజంతా తలుపు వేసుకుని ఆలోచించి, మర్నాడు పొద్దున అందరినీ హాలు ముందు నిలబెట్టి, పిండి ఏది, పీడియా ఏది, ఫ్యాను ఏది అని సవివరంగా తామే వివరించి, నాలుగో కాగితం చదివి వినిపించారు:

"సర్వపిండి నిషేధము యథాతథముగా అమలులో ఉండును. అయితే సదరు నిషేధము నుండి సర్వపిండిని మినహాయించడమైనది."

చప్పట్లు ఆగేలోపే షెడ్డులో గిన్నె తిరగబడి పొయ్యెక్కింది. కొమురమ్మ చేతులు కడుక్కుని, అందరికీ చూపించి మరీ, పిండిలో వేలు పెట్టింది.